సెల్లార్‌లో ఈశాన్యం గోడ

తిరుమలగిరి,
సికింద్రాబాద్.
శనివారం.

పూజ్యులైన అత్తమ్మకు,

మీ కోడలు కల్పలత దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మీ కొడుకు, మీ మనవరాలు, నేను ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. బాగాలేనిది ఈ ఇంటికి ఒక్కదానికే. సిద్దిపేటలో మీరు, వసుధ వదిన, అన్నయ్య, పిల్లలు కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలిసింది. దగ్గు తగ్గిందని, రాత్రిళ్లు లేచి కూర్చోకుండా తెల్లారేదాకా పడుకుంటున్నానని రాశారు. ఆ ముక్క మీ కొడుకు చేత పైకి చదివించాను. ఈ మనిషికి నేను చెబితే ఏదీ ఎక్కడం లేదు, కనీసం మీ అక్షరాలు చూసైనా ఎక్కుతుందేమోనని.

ఫోన్ ఉండగా ఉత్తరాలు ఎందుకని వదిన అడిగిందట. ఫోన్ పెట్టుకుంటే మీ చెవి మిషన్ కూత పెడుతుంది. అప్పుడు వదిన మధ్యలో నిలబడి నా మాట మీకు, మీ మాట నాకు అందిస్తుంది. అందేలోపు అది కాస్తా వదిన మాట అయిపోతుంది. మొన్న నేను ఇంకొంచెం ఓపిక పట్టమన్నాను. మీకు చేరింది ‘కల్పకు ఇప్పట్ల తీరిక లేదంట’ అని. అందుకే మీ అద్దాలకు ఆనేలా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. దీన్ని వదినతో చదివించుకోకండి, మీరే చదవండి. మధ్యలో కోపం వచ్చినా పక్కన పడేయకుండా చివరిదాకా చదవండి.

‘ఇంకెన్ని దినాలు నేను అల్లుని ఇంట్ల తినాలె’ అని మీరు మొదటి వరుసలోనే అడిగారు. కూతురింట్లో మారు అన్నం పెట్టించుకోవడానికి కూడా మీరు ఎంత మొహమాటపడతారో నాకు తెలుసు. కానీ ఆ కిందనే ‘మీరు నన్ను పంపించిన్రు’ అని రాశారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. మేం పంపలేదు, డాక్టరు పంపాడు. బేగంపేటలో ఆ ఛాతీ డాక్టరు మీ వీపు మీద గొట్టం పెట్టి విని, పడుకునే గది ఎలా ఉంటుందని అడిగితే, మీ కొడుకు ‘మంచిగుంటది సార్, గాలీ ఎలుతురూ ఫుల్లు’ అన్నాడు. నేను ఊరుకోలేదు. ‘గది కింద సెల్లార్ ఉన్నది సార్, గోడలకు నల్లగ బూజు వట్టింది, ఆ వాసన మెట్ల మీదికెళ్లి అత్తమ్మ గదిలకే వస్తది’ అన్నాను. డాక్టరు రాసే పెన్ను పక్కన పెట్టేశాడు. ఆ బూజు పూర్తిగా పోయేదాకా ఈమెను ఆ ఇంట్లో ఉంచొద్దని, మందులు ఎన్ని మింగినా అదే గాలి పీలిస్తే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయని అన్నాడు. మీకు వినబడలేదని అక్కడే కాగితం మీద రాసి చూపించాను కూడా. మీరు తలూపారు. ఇప్పుడు మేం పంపించాం అంటున్నారు.

ఇక్కడ వీధిలో సంగతి మీకు తెలియదు. కూరగాయల బండి దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు ‘అత్తను బిడ్డ దగ్గరికి తోలేసినవంట గద’ అంటారు. సెల్లార్‌లో బూజు పట్టిందని చెబితే, ‘ఎవరింట్ల పట్టదమ్మా బూజు’ అని నవ్వుతారు. వాళ్లు అనుకునేది మూలల్లో సాలెపురుగు అల్లే బూజు. చెమ్మకు గోడలోంచి పుట్టి, ముట్టుకుంటే మసిలా రాలి, ముక్కులోకి పోయే ఈ నల్ల బూజు సంగతి ఎవరికి వివరించి చెప్పను? ఇన్నేళ్లు మీతో పోట్లాడినప్పుడు రాని చెడ్డపేరు, మీ ఊపిరి గురించి ఆలోచించినందుకు వచ్చింది.

సరే, సెల్లార్ ఎంతవరకు వచ్చిందని అడిగారు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మీకు అర్థం కావాలంటే నా కోపం కూడా అర్థం కావాలి.

మీరు బస్సెక్కిన మర్నాడే మీ కొడుకు చీపురు కట్టిన పొడుగు కర్ర పట్టుకుని సెల్లార్‌లోకి దిగాడు. ముక్కుకు గుడ్డ లేదు, మెట్ల తలుపు వేసుకోలేదు. పండక్కి దులిపినట్టు గోడలన్నీ పొడిగా దులిపాడు. మామయ్య ప్లాస్టరింగ్ చేయించకుండా వదిలేసిన గోడలాయె, గరుకు సిమెంటు, ఇటుకల సందులు, ప్రతి సందులోంచి నల్లటి పొడి లేచింది. అది కింద ఉండిపోతుందా? మెట్లెక్కి నేరుగా మీ గదిలోకి, అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చింది. సాయంత్రానికి మీ మనవరాలు తుమ్ములే తుమ్ములు, ఈయనకు కళ్లు చింతనిప్పులు. నేను మీ పరుపు మీది దుప్పటి మొదలు కిటికీ పరదాల దాకా అన్నీ తీసి ఉతకాల్సి వచ్చింది. ఇంత చేసి ఆయన ఏమన్నాడో తెలుసా, ‘ఏందే గిట్ల మొహం వెట్టినవ్, సాఫ్ అయింది గద’ అన్నాడు. బూజు గోడ మీది నుంచి ఇల్లంతా సర్దుకుంటే దాన్ని సాఫ్ అవడం అంటారని నాకు అప్పుడే తెలిసింది.

రెండో వారానికి గోడలు మళ్లీ నల్లబడ్డాయి. ఈసారి ఈయన బకెట్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపి, అది చాలదన్నట్టు బాత్రూం కడిగే యాసిడ్ సీసా మూత తిప్పుతున్నాడు. అదృష్టం బాగుండి అదే సమయానికి వెనక లైన్‌లో ఉండే డోరా ఆంటీ కేకు ఇవ్వడానికి వచ్చింది. మీకు తెలుసు కదా, లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆమె గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. ‘కిషన్, పెట్టు ఆ బాటిల్ కింద. రెండూ కలిస్తే విషం గ్యాస్ వస్తుంది, కిటికీ కూడా లేని రూమ్‌లో నువ్వే పడిపోతావ్’ అంది. ఆయన చిన్నపిల్లాడిలా సీసా కింద పెట్టాడు. నేను చెబితే మాత్రం ‘నీకేం తెల్సు’ అనేవాడు.

మూడోసారి రాజేందర్ వచ్చాడు. పగలు ప్లాట్లు అమ్మి సాయంత్రం వాస్తు చెప్పే మీ కొడుకు దోస్తు రాజేందరే. సెల్లార్ అంతా తిరిగి చూసి, చీకటి వల్ల దోషం చేరిందనీ, తెల్లగా సున్నం కొట్టించి సాంబ్రాణి పొగ వేస్తే పోతుందనీ చెప్పాడు. మీ కొడుకు బూజును కడగకుండానే దాని మీద సున్నం కొట్టించాడు. వద్దు, లోపల తడి ఉంది, కింద బూజు బతికే ఉంది అని నేను మొత్తుకున్నాను. ‘జెర ఆగు, ప్రతిదానికి లొల్లి చెయ్యకు’ అన్నాడు. వారం తిరగకుండానే సున్నం పొక్కులు పొక్కులుగా లేచింది, ఆ పొక్కుల కింద నుంచి నల్లగా తొంగిచూసింది. సాంబ్రాణి పొగకు మాత్రం మాకు ముగ్గురికీ దగ్గు వచ్చింది.

ఆ రోజు నేను చీర కొంగు దోపుకుని, ఇక ఈ సెల్లార్ నాది, ఎవరూ అడుగు పెట్టొద్దని చెప్పేశాను. డోరా ఆంటీని పక్కన కూర్చోబెట్టుకుని ఏం చేయాలో అంతా అడిగి తెలుసుకున్నాను. ఆమె మొదట అన్న మాట, ‘బూజును తుడవడం పెద్ద పని కాదు కల్పా, తడి ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకోవడం పని. అది పట్టుకోకపోతే జీవితాంతం తుడుస్తూనే ఉంటావ్’ అని. నేను ముందు కడిగి చూద్దాం అనుకున్నాను. ఆ మాట అప్పుడే విని ఉంటే సగం శ్రమ తప్పేది.

మీ గది పక్కన మెట్ల తలుపుకు ప్లాస్టిక్ పట్టా వేసి, అంచులన్నీ టేపుతో మూసేశాను, కింది గాలి పైకి రాకుండా. వీధి వైపు ఉన్న చిన్న వెంటిలేటర్‌కు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి గాలి బయటికి పోయేలా పెట్టించాను. బయటి మెట్ల దారినే దిగాను. ముక్కుకు ఆస్పత్రుల్లో వాడే గట్టి మాస్కు, కళ్లకు అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ఒంటి మీద చింపి పారేయాల్సిన పాత నైటీ. మీ మనవరాలు నన్ను చూసి ఫోటో తీసింది, మీకు చూపించమని వదిన ఫోన్‌కు పంపింది. అది చూసి మీరు భయపడ్డారని విన్నాను. అది నేనే అత్తమ్మా.

మొక్కలకు మందు కొట్టే పంపుతో ముందు గోడను తడిపి, పొడి ఎగరకుండా చేసి, ఆ తర్వాత బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లతో ఇనుప బ్రష్ పట్టుకుని రుద్దాను. సున్నం, బూజు కలిసి నల్లటి జావలా కారింది. గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డలన్నీ సంచిలో మూటకట్టి పారేశాను. రుద్దిన చోటల్లా రెండు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాను. రోజుకు కాస్త చొప్పున చేశాను. నడుం పడిపోయింది, చేతులు పైకి లేవలేదు. మీ కొడుకు పైనుంచి ‘చాయ్ తాగుతవా’ అని అడిగేవాడు, అదే ఆయన సహాయం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, సెల్లార్‌లోని సామాన్లు. మీ ఇనుప పెట్టె భద్రంగా ఉంది, లోపలా బయటా కడిగి ఎండలో పెట్టాను. ఇత్తడి గుండిగలు, బిందెలు, స్టీలు డబ్బాలు అన్నీ బాగున్నాయి. గట్టి వస్తువులకు ఏమీ కాదు, కడిగితే పోతుంది. దూది, గుడ్డ, అట్ట, ప్లైవుడ్ ఉన్నాయి చూడండి, వాటిలోకి బూజు లోపలిదాకా పోతుంది, ఉతికినా పోదు. అందుకని మీ కొడుకు టెంట్ హౌస్ పరుపులు, తివాచీలు అన్నీ అక్కడే సంచుల్లో మూతి బిగించి కట్టించి బయటి మెట్ల మీదుగా పంపించేశాను. దానికి ఆయన చేసిన గొడవ వీధి వీధంతా విన్నది. ‘ఎండల ఏస్తే మంచిగైతయ్, ఫంక్షన్లకు పనికొస్తయ్’ అంటాడు. ‘ఏ ఫంక్షన్‌కయ్యా, పెండ్లికొచ్చినోళ్లందరు నీ పరుపుల మీద పండుకోని దగ్గుకుంట పోవాల్నా’ అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. నాకు హాయిగానే ఉండింది.

మీ బొంత కూడా పోయింది. మీ అమ్మగారి చీరలతో కుట్టిన బొంత అని తెలుసు. విప్పి చూస్తే లోపలి పొరలన్నీ నల్లగా ఉన్నాయి. పారేసే ముందు పైపొరలో చెమ్మ తగలని ఒక ముక్క ఉందేమోనని వెతికాను, లేదు. నాకు చాలా బాధ వేసింది. ఇది వదిన ఫోన్‌లో చెబితే మీరు ఏడుస్తారని ఇన్నాళ్లు చెప్పలేదు.

ఇంత చేశాక సెల్లార్ ఎలా ఉండాలి? మూడు గోడలు శుభ్రంగా, లేత బూడిద రంగులో, ముట్టుకుంటే పొడిగా ఉన్నాయి. నాలుగోది, ఈశాన్యం వైపు గోడ, మళ్లీ తడిసింది. మళ్లీ నల్లబడింది. మళ్లీ రుద్దాను, మళ్లీ వచ్చింది. వాన నీరు అన్నారు, వానలు వెళ్లిపోయి ఎన్నాళ్లయింది? భూమిలో ఊట అన్నారు, పక్కనే ఉన్న గోడకు లేని ఊట దీనికి ఒక్కదానికి ఎక్కడిది? లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ మందు పూయించాను, అది బుడగలు కట్టి ఊడింది. ఒక రోజు ఆ గోడ ముందు బ్రష్ విసిరికొట్టి, కింద కూర్చుని ఏడ్చాను. మీ మీద కాదు, ఎవరి మీదా కాదు, ఆ గోడ మీద కోపం. గోడ మీద కోపం వస్తే తిరిగి తిట్టే మనిషి కూడా ఉండదు.

అప్పుడే పైప్‌లైన్ పని ఉందని నల్లా బంద్ పెట్టారు. సంపు మోటారు కూడా కాలిపోయి ఉండటంతో, ట్యాంకర్ తెప్పించి నీళ్లు నేరుగా మేడ మీది ట్యాంకులోకి ఎక్కించుకున్నాం. సంపులో మిగిలినవి బిందెలతో తోడుకుంటే అదీ అడుగంటింది. నేను రోజూ కిందికి దిగి గోడ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని, అలవాటైపోయింది. ఆ వారంలో ఈశాన్యం గోడ రంగు మారింది. చివరికి పొడిగా అయింది. ఏం చేయకుండానే ఆరిందే అని ఆశ్చర్యపడ్డాను. నల్లా మళ్లీ వచ్చింది, సంపు నిండింది, మర్నాడు దిగి చూస్తే గోడ మోకాలి ఎత్తు దాకా తడి. ఆ గోడకు అవతల ఉన్నది మన సంపే కదా అత్తమ్మా. ఇన్నాళ్లు ఇంటిల్లిపాదీ పరేషాన్ అయింది, మనం తాగే నీళ్ల వల్లే.

మామయ్యను ఏమీ అనడం లేదు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలన్నారు, ఆయన ముందు అక్కడ సంపు కట్టించాడు. తర్వాత సెల్లార్ కావాలనుకున్నాడు, ఇంటి అంచుదాకా తవ్వించాడు. సంపుకూ సెల్లార్‌కూ మధ్య ఒక వరుస ఇటుకలే మిగిలాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. సంపు పగుళ్లిచ్చింది, నీరు ఇటుకల గుండా లోపలికి దారి చూసుకుంది. మామయ్య బతికి ఉంటే ఆయనతోనే పోట్లాడేదాన్ని, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఈ సంగతి చెబితే మీ కొడుకు నమ్మాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. సంపు లోపల పగుళ్లు పూడ్పించాడు. కొన్నాళ్లు ఆగి మళ్లీ కారింది. ఇంకోసారి పూడ్పించాడు, అదీ అంతే. ఆ సంపును మూసేయడమే దారి అని మేస్త్రీలు చెప్పారు. ఇక రాజేందర్ మళ్లీ వచ్చాడు. ఈశాన్యంలో గంగను పూడిస్తే ఇంటి పెద్దకు మంచిది కాదన్నాడు. మీ కొడుకు వెంటనే ‘ఇంటి పెద్ద అంటే అమ్మనే గద కల్పా’ అన్నాడు. ‘ఆ ఇంటి పెద్దనే గీ సంపు ఇంట్లకెళ్లి ఎల్లగొట్టింది. ఇప్పుడు సిద్దిపేటల ఊపిరి పీల్చుకుంటున్నది. ఇంతకన్న చెడ్డ ఇంకేం జరగాలె’ అన్నాను. రాజేందర్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మీ కొడుకు ‘అమ్మనడుగుదాం’ అన్నాడు. అడగమంటే అడగడు. ఫోన్ తీస్తాడు, ‘మంచిగున్నవా అమ్మా, తిన్నవా’ అంటాడు, పెట్టేస్తాడు. రేపు, ఎల్లుండి అంటూ సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. అక్కడ వదిన, అమ్మ ఇక ఇక్కడే ఉంటుందిలే, అమ్మ గదికి రంగు వేయిస్తున్నాం అంది. ఆ మాట విన్న రోజే మేస్త్రీ నంబరు తీసి పెట్టుకున్నాను.

మీ మూడో ప్రశ్నకు ఇంతవరకు జవాబు రాయలేదు. శుక్రవారం శుక్రవారం సంపు మూత కడిగి పసుపు కుంకుమ పెడుతున్నావా అని అడిగారు. మీరు వెళ్లినప్పటి నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా పెట్టాను. పోయిన వారం శుక్రవారం కూడా పెట్టాను. అత్తమ్మా, అదే ఆఖరుది. బుధవారం నాడు నేను ఆ సంపు పూడ్పించాను.

ఆగండి. ఉత్తరం పక్కన పెట్టకండి.

ఎవరూ నన్ను చేయమనలేదు. మీ కొడుకు బేగంపేటలో ఏదో హోటల్‌లో పెళ్లి మండపం వేయించడానికి వెళ్లాడు, రెండు రోజులు రాడని తెలుసు. ఆయన ఉంటే జరగనివ్వడని తెలిసే ఆ రోజు మేస్త్రీని పిలిచాను. ఉన్న నీళ్లు ఒక్క చుక్క మోరీలో పోనివ్వలేదు. మన మొక్కలకు, డోరా ఆంటీ గులాబీలకు పోశాం, మిగిలినవి ఇరుగుపొరుగు బిందెల్లో పట్టుకుపోయారు. పొద్దున్నే స్నానం చేసి మూత దగ్గర దీపం పెట్టాను, బంతిపూలు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. నాకు మంత్రాలు రావు. ‘తల్లీ, నువ్వు మా అత్తమ్మ ఊపిరి మీద కూసున్నవ్, జెర పక్కకు జరుగు’ అని మాత్రం మొక్కుకున్నాను. సంపు ఖాళీ అయ్యాక సెల్లార్ గోడకు బయటి వైపు నుంచి నీరు దిగని పూత మందంగా వేయించి, అది ఆరాక మొరం పోయించి, గట్టిగా దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీట్ వేయించాను. నల్లా పైపు అందేది ఆగ్నేయం వైపే కాబట్టి అక్కడ దిమ్మె కట్టించి నేల మీద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాను. ఆగ్నేయంలో నీళ్లు ఉండకూడదని నాకూ తెలుసు. పైపు ఇంకెటు పోయినా ఇల్లు పగలగొట్టాలి.

మీ కొడుకు గురువారం రాత్రి వచ్చి, గేటు దగ్గరే నిలబడి, కొత్త కాంక్రీట్ వైపు చాలాసేపు చూశాడు. సెల్లార్‌లోకి దిగాడు. నేనూ వెనకే దిగాను. ఈశాన్యం గోడ మీద అరచెయ్యి ఆనించి, చేతిని లైటు కింద తిప్పి చూసుకున్నాడు. ‘అమ్మకు నువ్వే చెప్పు, నాతోని కాదు’ అన్నాడు. ఆ రాత్రి నేను వడ్డించకుండానే తనే కంచం పెట్టుకుని తిన్నాడు. పొద్దున లేచి చూస్తే తన టెంట్ హౌస్ నుంచి పెద్ద ఫ్యాన్లు రెండు తెచ్చి ఆ గోడకు ఎదురుగా పెట్టేశాడు. అలక ఇంకా తీరలేదు కానీ ఫ్యాన్లు మాత్రం మూడు పూటలా తనే ఆన్ చేస్తున్నాడు.

డోరా ఆంటీ చెప్పినట్టు గోడకు పలుచని ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపు వేసి అంటించాను. వెనకాల నీటి ఆవిరి పట్టకుండా ఉంటే గోడ నిజంగా ఆరినట్టు. ఇప్పటికి ఇంకా కొంచెం మసక పడుతోంది. అది పూర్తిగా తేటపడి, నేను ఆఖరిసారి గోడ కడిగి, మీ గదికి కూడా సున్నం వేయించి, డాక్టరును అడిగాకే మిమ్మల్ని రమ్మంటాను. తొందరపడి తీసుకొచ్చి మళ్లీ ఆ దగ్గు తెప్పించను. కానీ మీరు వస్తారో రారో నాకు ఇప్పుడే తెలియాలి.

ఎందుకు అడుగుతున్నానంటే, ‘ఆ సంపు మీద పసుపు ఆగిన దినం ఈ ఇంట్ల నా నీళ్లు చెల్లినయని అనుకోవాలె’ అని మీరు ఒకసారి అన్నారు. మామయ్య చనిపోయిన ఏడాది అన్నారు. మీరు ఊరికే అనే మనిషి కాదు. సంపు లేదని తెలిస్తే, గోడలు ఎంత పొడిగా ఉన్నా, మీరు సిద్దిపేటలోనే ఉండిపోతారని నాకు భయం. వదిన రంగు వేయించిన గదిలో, అల్లుడి ముందు తలొంచుకుని తింటూ, నా మీద కోపంతో అక్కడే ఉండిపోతారని. మేస్త్రీ మొదటి తట్ట మొరం పోసే ముందు ‘పోయాల్నా అమ్మా’ అని అడిగాడు. నాకు గుర్తొచ్చింది మీరన్న ఆ మాటే. అయినా పొయ్యమన్నాను. పసుపు పెట్టే మనిషికే గాలి ఆడకపోతే ఆ మూత కడిగి నేనేం చేసుకోను?

మిమ్మల్ని అడగలేదు, నిజమే. అడిగితే వద్దంటారు. మీరు వద్దంటే మీ కొడుకు దాన్ని ముట్టడు, ఆ గోడ ఆరదు, మీరు ఇంటికి రారు. ఇంకో దారి నాకు దొరకలేదు. వాస్తు దోషం తగిలితే నాకే తగలాలని కొబ్బరికాయ నా పేరు మీదే కొట్టాను.

మీరు వెళ్లిన మొదటి వారం, చాలా రోజులకు ఇల్లు నా చేతికి వచ్చిందని కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఇప్పుడు పప్పులో పులుపు చాల్లేదనే వాళ్లు లేరు. నేను కొన్న వంకాయలు ముదురువని తీసి పక్కన పెట్టే వాళ్లు లేరు. మీ కొడుకు మీద విసుక్కుంటే, ‘నా కొడుకునంటవా’ అని నా మీదికి వచ్చే వాళ్లు లేక, నా విసుగు నా దగ్గరే ఉండిపోతోంది. మీరు లేకుండా నాకు ఈ ఇంట్లో బాగాలేదు అత్తమ్మా. ఇది వీధిలో వాళ్లకు చెప్పినా నమ్మరు, అందుకే చెప్పడం మానేశాను.

రానని మాత్రం రాయకండి. రండి, వచ్చి హాల్లో ఫ్యాను కింద కూర్చుని నన్ను తిట్టండి. గంగమ్మను పూడ్చినందుకు తిట్టండి, బొంత పారేసినందుకు తిట్టండి, మా పుట్టింటి వాళ్లను కూడా కలిపి తిట్టండి. పోయిన వానాకాలం నుంచి మీరు నన్ను ఒక్కసారి కూడా పూర్తిగా తిట్టలేకపోయారు. సగంలో దగ్గు తెర వచ్చి తలుపు పట్టుకునేవారు, నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఆ మిగతా సగం కోసం నిలబడేదాన్ని, అది వచ్చేది కాదు. ఈసారి దగ్గకుండా, ఆయాసపడకుండా, మొదలుపెట్టింది చివరిదాకా తిట్టండి. నేను నోరెత్తకుండా నిలబడి వింటాను.

ఇట్లు,
మీ మాట కోసం చూస్తున్న
మీ కోడలు,
కల్పలత